బర్మాకు కాలిబాట

1858 ఏప్రిల్ 23వ తేదీన పోర్ట్ బ్లెయిర్ రేవు ముఖద్వారంలోని రాస్ అనే చిన్న దీవి నుంచి 90 మంది ఖైదీలు తప్పించుకున్నారు. దుంగలతో తెప్పలు కట్టుకుని ఎదుట కనిపించే పెద్ద దీవికి చేరారు. చాటం దీవి నుంచి, ఫీనిక్స్ బే నుంచి పారిపోయిన మరికొందరు అక్కడ వాళ్లతో కలిశారు. అందరూ కలిసి అడవిలోకి నడక మొదలుపెట్టారు. వాళ్లకు దారి చూపేవాడు కూడా ఒకడున్నాడు. ఆగా అనే తోటి ఖైదీ తనకు తోవ తెలుసన్నాడు. కొండల వెంబడి కొద్దిరోజులు నడిస్తే బర్మా రాజు రాజ్యం వస్తుందనీ, ఆ రాజు తమకు కొలువు ఇస్తాడనీ ఆ గుంపు నమ్మింది.

పటం ముందు పెట్టుకుని కూర్చున్న మనకు ఈ మాట వింతగా తోస్తుంది. దీవి నుంచి నడిచి బర్మా పోవడమేమిటి? కానీ వాళ్ల దగ్గర పటం లేదు. ఓడ అడుగున కూర్చోబెట్టి తెచ్చారు. దించిన చోట ఎటు చూసినా అడవి, ఆ అడవి వెనక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కొండలు. ఆ కొండలకు అవతలి అంచు ఎక్కడుందో వాళ్లను కాపలా కాసే దొరలకు కూడా సరిగ్గా తెలియని రోజులవి. ఖైదీల స్థావరం వెలిసి అప్పటికి ఆరు వారాలే అయింది. ఆగ్రా జైలులో అధికారిగా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్, 1857 తిరుగుబాటులో పట్టుబడినవాళ్లు తదితరులు 200 మందిని సెమిరామిస్ అనే నౌకలో ఎక్కించుకుని 1858 మార్చి 10న అక్కడ దిగాడు. ఆ తర్వాత వరసగా నౌకలు వస్తూనే ఉన్నాయి, ఖైదీలు పారిపోతూనే ఉన్నారు.

(పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అనీ, రాస్ దీవికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమనీ పేర్లు మారాయి. చెప్పేది ఆనాటి కథ కనుక ఆనాటి పేర్లే వాడుతున్నాను.)

ఆ ఏప్రిల్ గుంపు ఏమయిందో మనకు తెలియడానికి కారణం ఒకే ఒక్క మనిషి. పేరు దూద్‌నాథ్ తివారీ, 14వ నేటివ్ ఇన్‌ఫాంట్రీ పటాలంలో సిపాయి. అతను తర్వాత ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం పదమూడు పద్నాలుగు రోజులు అడవిలో తిరిగారు. తినడానికి తిండి లేదు, కొన్ని రోజులు నీళ్లూ దొరకలేదు. నడవలేనివాళ్లను వెనక వదిలేశారు. చివరికి అండమానీయుల పెద్ద గుంపు ఒకటి విల్లంబులతో మీదపడింది. బాణాల గాయాలతో దూద్‌నాథ్ ఒక్కడూ బతికాడు. వాళ్లెందుకో అతన్ని చంపకుండా తమతో తిప్పుకున్నారు. ఏడాది పైగా అతను వాళ్లలో ఒకడిగా, వాళ్ల దీవులన్నీ తిరుగుతూ బతికాడు, వాళ్ల పిల్లనే పెళ్లాడాడు కూడా.

వేరువేరు సమయాల్లో పారిపోయి మళ్లీ దొరికినవాళ్లకు అంతకన్నా మంచి గతి ఏమీ పట్టలేదు. వాకర్ వాళ్లలో ఎనభై మందికి పైగా ఉరితీయించాడు. ఇది కలకత్తా ప్రభుత్వానికే మితిమీరినట్టు కనిపించి ఆయనను మందలించాల్సి వచ్చింది.

ఆగా ఎక్కడ పొరపడ్డాడు?

దీవిలో ఉత్తరంగా నడవబోయే మనిషికి ముందు అడ్డొచ్చేది సముద్రం కాదు, ఉప్పుటేరులు. గ్రేట్ అండమాన్ అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒకదానికొకటి అతుక్కున్నట్టుండే దీవుల వరస. దక్షిణ అండమాన్‌కూ బారాటాంగ్‌కూ మధ్య మిడిల్ స్ట్రెయిట్, బారాటాంగ్‌కూ మధ్య అండమాన్‌కూ నడుమ హంఫ్రే జలసంధి, అక్కడి నుంచి ఉత్తర అండమాన్‌కు పోవాలంటే ఆస్టిన్ జలసంధి. పాయలు సన్ననివే, కానీ రెండు ఒడ్డులా మడ అడవులు, బురద, మొసళ్లు. వీటన్నిటినీ దాటి, పోర్ట్ బ్లెయిర్ నుంచి 220 కిలోమీటర్లు కాకిలా సూటిగా పోగలిగినా ల్యాండ్‌ఫాల్ అనే చివరి దీవి దగ్గర భూమి అయిపోతుంది. అక్కడి నుంచి బర్మాలోని నెగ్రాయ్ అగ్రానికి ఇంకా రెండు వందల కిలోమీటర్లకు పైగా సముద్రం.

అయితే ఆగా మాట పూర్తిగా తప్పు కాదు. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా అదే. బర్మా పడమటి సరిహద్దున ఉన్న అరకాన్ యోమా పర్వతాలు నెగ్రాయ్ అగ్రం దగ్గర ఆగిపోయినట్టు కనిపిస్తాయి గానీ ఆగవు. సముద్రంలోకి దిగుతాయి. దిగి, దక్షిణంగా సాగుతూ అక్కడక్కడా తల పైకెత్తుతాయి. అలా ఎత్తిన తలలు ప్రెపారిస్, కోకో దీవులు, తర్వాత అండమాన్, పది డిగ్రీల కాలువ దాటాక నికోబార్. గ్రేట్ నికోబార్ కొసన ఉన్న ఇందిరా పాయింట్ నుంచి మరో 150 కిలోమీటర్లు మునిగి ఉండి, సుమత్రా దగ్గర ఆ వరస మళ్లీ లేస్తుంది. నెగ్రాయ్ నుంచి సుమత్రా కొస వరకు 1100 కిలోమీటర్లకు పైబడిన పర్వతశ్రేణి ఇది. అందులో నీటిపైన కనిపించే కొనలనే మనం దీవులని లెక్కపెట్టి, చిన్నాపెద్దా రాతిగుట్టలతో కలిపి 836 అంటున్నాం.

కనుక పోర్ట్ బ్లెయిర్ నుంచి కొండ వెంట కొండ పట్టుకుని పోతే బర్మా వస్తుందన్న మాట భూగర్భశాస్త్రం ప్రకారం సరైనదే. నీటి మట్టం మాత్రమే అడ్డు. మంచుయుగం ఉధృతంగా ఉన్న సుమారు 20 వేల ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటి కన్నా 120 మీటర్లు దిగి ఉండేది. అప్పుడు ఈ దీవులు చాలామటుకు ఒకదానితో ఒకటి కలిసిపోయి, బర్మా వైపున్న నీటిపాయలు బాగా ఇరుకై ఉండాలి. అయినా ప్రధాన భూభాగపు పెద్ద జంతువులు ఇటు రాలేదు. అండమాన్‌లో పులి లేదు, సహజంగా కోతి కూడా లేదు. అడవిపంది, పునుగుపిల్లి ఉన్నాయి. ఏనుగులు కనిపిస్తాయి గానీ అవి కలప లాగడానికి ఓడల్లో తెచ్చినవాటి సంతతి.

కొండలెంత ఎత్తు?

హిమాలయాలు చూసినవాళ్లకు ఈ అంకెలు ఆనవు. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ 2,402 అడుగులు, అంటే 732 మీటర్లు. గుర్రపు జీను ఆకారంలో మధ్యలో కుంగి ఉంటుంది కాబట్టి నావికులు ఆ పేరుతో గుర్తుపట్టేవారు. మధ్య అండమాన్‌లో మౌంట్ డియావోలో 1,678 అడుగులు. దక్షిణ అండమాన్‌లో కోయోబ్ 1,505, మౌంట్ హారియట్ 1,193. గ్రేట్ నికోబార్‌లో మౌంట్ తుయిలియర్ 642 మీటర్లు. మన అరకులోయలో ఇంతకన్నా ఎత్తున రైలు పోతుంది.

కాని కొండను సముద్రమట్టం నుంచి కాక అడుగు నుంచి కొలిస్తే సంగతి వేరు. వరసకు తూర్పున విడిగా ఉన్న బారెన్ దీవినే తీసుకోండి. నీటిపైన 354 మీటర్ల గుట్ట. దాని పాదం సముద్రమట్టానికి సుమారు 2,250 మీటర్ల లోతున ఉంది. మొత్తం కలిపితే 2,600 మీటర్ల పర్వతం. దక్షిణ భారతంలో ఎత్తయిన ఆనైముడి 2,695 మీటర్లు. రెంటికీ తేడా వంద మీటర్లే.

ఎత్తు సంగతి అలా ఉంచితే నడిచేవాడికి ఇక్కడి కష్టం ఎత్తులో లేదు. ఇరుకు లోయలు, నిట్టనిలువు వాలులు, వాటి నిండా సూర్యుడు కనిపించని అడవి. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వర్షం, అదీ రెండు రుతుపవనాల్లోనూ. అడుగడుగునా పేము తీగలు. వాటి ముళ్లు చొక్కా పట్టుకుంటే ముందుకు లాగితే రావు, రెండడుగులు వెనక్కి వేసి విడిపించుకోవాలి. కాళ్లకు జలగలు. కొండ ఎక్కినా చుట్టూ చెట్లే తప్ప ఏమీ కనబడదు. శిఖరం మీద నిలబడి కూడా ఎక్కడున్నామో తెలియకపోవడం ఈ కొండల ప్రత్యేకత.

పటం గీసినవాళ్లు

తీరం కొలవడం సులువు. ఓడ మీద నుంచే జరిగిపోతుంది. 1771లో జాన్ రిచీ, 1788-89లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఆ పని చేశారు. బ్లెయిర్ 1789లో చాటం దీవిలో మొదటి స్థావరం పెట్టాడు. 1792లో దాన్ని ఉత్తర అండమాన్‌కు, శాడిల్ పీక్ కనుచూపు మేరలో ఉన్న రేవుకు మార్చారు. జ్వరాలతో జనం రాలిపోతుంటే 1796లో మూసేసి వెళ్లిపోయారు. ఏడేళ్లు ఆ దీవుల్లో ఉన్నా లోపలి కొండలు వాళ్లకు దాదాపు తెలియనివిగానే మిగిలాయి. 1840 జనవరిలో బొహీమియా ప్రకృతి శాస్త్రజ్ఞుడు యోహాన్ విల్హెల్మ్ హెల్ఫర్ ఉత్తర అండమాన్ తీరంలో దిగి అండమానీయుల బాణాలకు బలయ్యాడు. ఆ తర్వాత చాలాకాలం శాస్త్రజ్ఞులెవరూ అటు పోవడానికి సాహసించలేదు.

రాళ్ల సంగతి మొదట బయటపడింది నికోబార్ వైపు నుంచి. అప్పట్లో నికోబార్ తనదని డెన్మార్క్ అనేది. 1846లో డేనిష్ నౌక గలాతియా అక్కడికొచ్చింది. గ్రేట్ నికోబార్‌లోని గలాతియా నదికి ఆ పేరు దాన్నుంచే. అందులో వచ్చిన హిన్రిక్ రింక్ కమోర్టా ప్రాంతపు దీవుల నుంచి తెల్లటి మట్టి నమూనాలు యూరప్‌కు పంపాడు. బెర్లిన్‌లో ఎరెన్‌బర్గ్ ఆ మట్టిని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అది మామూలు మట్టి కాదు. రేడియోలేరియా అనే ఏకకణ సముద్రజీవుల సిలికా గూళ్లు, అల్లికపనిలా సన్నని రంధ్రాలతో, లెక్కలేనన్ని. బతికినంత కాలం నీటిలో తేలుతూ, చచ్చాక సముద్రపు అడుగుకు చేరే జీవులవి. అవి గుట్టల మీద కనిపిస్తున్నాయంటే ఆ గుట్టలు ఒకప్పుడు సముద్రగర్భమన్నమాట. 1858లో ఆస్ట్రియా నౌక నొవారాలో వచ్చిన హాక్‌స్టెటర్ ఇదే దీవుల్లో గాబ్రో, సర్పెంటైన్ అనే ముదురు పచ్చ రాళ్లను గుర్తించాడు. ఆయన నికోబార్ తీరాల్లో రాళ్లు ఏరుతున్న ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వాకర్ నౌక పోర్ట్ బ్లెయిర్ వైపు వస్తూ ఉంది.

అండమాన్ కొండల తొలి నమ్మదగిన పటం 1883-86 మధ్య తయారైంది. కర్నల్ హాబ్‌డే నాయకత్వంలో సర్వే ఆఫ్ ఇండియా బృందం ఆ పని చేసింది. త్రిభుజీకరణ పద్ధతి మన పాఠకులకు తెలిసిందే. ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం మొత్తం తెలిసిపోతుంది. కోణం కొలవాలంటే మాత్రం ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరం కంటికి కనబడాలి. దక్కను పీఠభూమిలో బోడిగుట్ట మీద థియోడలైట్ పెట్టడం ఒక ఎత్తు, నలభై మీటర్ల చెట్లున్న కొండ నెత్తిన పెట్టడం ఇంకో ఎత్తు. ఇలాంటి చోట ముందు దారి నరకాలి, గుడారాలూ బియ్యం మూటలూ పైకి మోయాలి, శిఖరం మీది చెట్లు కూల్చాలి, ఆ తర్వాత మబ్బు విడిచేదాకా రోజుల తరబడి కాచుకోవాలి. తీరరేఖ అంతటా సరిగ్గా ఉందనీ, అంత దట్టమైన అడవిలో లోపలి కొండల ఎత్తుపల్లాలు ఆశ్చర్యపడేంత సరిగ్గా వచ్చాయనీ తర్వాతి అధికారులు ఈ పటాన్ని మెచ్చుకున్నారు. పైన ఇచ్చిన అడుగుల లెక్కలు ఆ కాలపువే. నూరేళ్లకు పైగా గడిచినా ఎంతో మారలేదు.

హాబ్‌డే బృందం 1884లో బారెన్ దీవిని కూడా కొలిచింది. అదే సందర్భంలో భూగర్భ సర్వేకు చెందిన ఎఫ్.ఆర్. మాలెట్ అక్కడి అగ్నిపర్వతాన్నీ, దానికి ఉత్తరాన ఉన్న నార్కొండాన్నీ పరిశీలించి 1885లో వివరమైన గ్రంథం వెలువరించాడు. ఇక 1911లో జి.హెచ్. టిప్పర్ అండమాన్ రాళ్లన్నిటినీ కలిపి ఒక క్రమంలో పెట్టాడు. ఇవి కేవలం దీవులు కావు, అరకాన్ కొండల కొనసాగింపు అన్న అభిప్రాయం అప్పటికి శాస్త్రజ్ఞుల్లో స్థిరపడింది.

ఈ గ్రంథాల్లో రచయితల పేర్లుంటాయి. మూటలు మోసినవాళ్ల పేర్లు, దారి చూపినవాళ్ల పేర్లు ఉండవు. అండమాన్‌లో కూలి అంటే ఖైదీ. అడవి కొట్టింది, బాటలు వేసింది, రేవు కట్టింది వాళ్లే. ఆ ఖైదీల్లో మనవాళ్లూ ఉన్నారు. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడిన కొండవాళ్లను ఇక్కడికి పంపారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర కూడా అండమాన్ శిక్ష అనుభవించి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. తూర్పు కనుమల్లో ప్రతి కనుమా డొంకా ఎరిగిన మనుషులను తెచ్చి సముద్రం మధ్య కొండల్లో పడేయడం ఎలాంటి శిక్షో ఆలోచించండి. చుట్టూ అడవీ కొండా ఉన్నాయి గానీ ఒక్క దారీ ఇంటికి పోదు.

ఒక సాయంకాలపు నడక

మౌంట్ హారియట్ చిన్న కొండే అయినా దాని చరిత్ర పెద్దది. 1862-64లో పోర్ట్ బ్లెయిర్ అధికారిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య హారియట్ పేరు దానికి పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ ఉక్కపోత నుంచి తప్పించుకోవడానికి తెల్లదొరలకు అది వేసవి విడిది. 1872 ఫిబ్రవరి 8న గవర్నర్ జనరల్ లార్డ్ మేయో స్థావరం తనిఖీకి వచ్చాడు. పనులన్నీ ముగిశాక, ఇంకా కొంత వెలుతురు ఉంది కదా అని, రోగులకు ఆరోగ్యకేంద్రం కట్టడానికి ఆ కొండ పనికొస్తుందేమో చూద్దామని ఎక్కాడు. పైన కూర్చుని సూర్యాస్తమయం చూశాడు. దిగేసరికి చీకటి పడింది. దివిటీల వెలుగులో హోప్‌టౌన్ రేవు మెట్ల దగ్గరికి వస్తుంటే, ఖైబర్ ప్రాంతపు పఠాను ఖైదీ షేర్ అలీ ఆఫ్రిదీ వెనక నుంచి దూకి కత్తితో పొడిచాడు. పదవిలో ఉండగా హత్యకు గురైన గవర్నర్ జనరల్ మేయో ఒక్కడే. షేర్ అలీని మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు.

1891 యుద్ధం తర్వాత మణిపూర్ మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన అనుచరులను కూడా ఈ దీవులకే పంపించారు. వాళ్ల జ్ఞాపకార్థం 2021లో కొండ పేరు మౌంట్ మణిపూర్ అయింది. పేర్లేవీ తెలియకపోయినా ఈ కొండ మీది దృశ్యాన్ని మీరు చూసే ఉంటారు. 2001లో వచ్చిన ఎర్రరంగు ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, దీపస్తంభం ఉండేవి గుర్తుందా? అది ఇక్కడి నుంచి కనబడే నార్త్ బే.

దారి తెలిసినవాళ్లు

దూద్‌నాథ్ కథ సగంలో వదిలేశాం. 1859 మేలో అండమానీయులు పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ స్థావరం మీద దాడికి సిద్ధమయ్యారు. తమ అడవి నరుకుతూ లోపలికి వస్తున్నవాళ్లను తరిమేయడమే వాళ్ల ఉద్దేశం. దూద్‌నాథ్ ముందుగా పరుగెత్తుకొచ్చి వాకర్‌కు కబురు చెప్పేశాడు. మే 17న జరిగిన పోరులో బాణాలు తుపాకుల ముందు ఓడిపోయాయి. దూద్‌నాథ్‌కు క్షమాభిక్ష దొరికింది. ఏడాది పాటు తనను సాకినవాళ్లను అప్పగించి ఇంటిదారి పట్టాడు. అతన్ని తప్పుపట్టడం మనకు తేలిక. ఉరితాడును అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకేం చేసి ఉండాలో చెప్పడం అంత తేలిక కాదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు సంబంధాలు మారాయి. తీరంలోని గ్రేట్ అండమానీయులను 'అండమాన్ హోమ్స్' అనే ఆవాసాల్లో చేర్చి, పారిపోయిన ఖైదీల జాడ తీయడానికి, అడవిలో దారి చూపడానికి వాడుకోవడం మొదలైంది. జారవాల మీదికి వెళ్లిన సాయుధ బృందాలకూ ముందు నడిచింది వాళ్లే. రోజుల తరబడి సాగే అటువంటి అడవి యాత్రలోనే 1902లో వాక్స్ అనే అధికారి జారవా బాణం తగిలి చనిపోయాడు. ఈ సాంగత్యానికి మూల్యం చెల్లించింది మాత్రం గ్రేట్ అండమానీయులు. 1877లో తట్టు అంటుకుని ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. సిఫిలిస్ అంతకుముందే వచ్చి ఉంది. స్థావరం పెట్టిన నాటికి వేలల్లో ఉన్న జనం 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961లో 19 మంది. ఏ కొండ ఎటు తిరుగుతుందో, ఏ వాగులో ఎండాకాలం నీళ్లుంటాయో తెలిసిన భాషలు వాళ్లతోపాటే పోయాయి. దూరంగా మసలుకున్న జారవాలు 1998 దాకా బయటివాళ్లను దగ్గరికి రానివ్వలేదు. మిగిలి ఉండటానికి అది కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ భాషల నుంచి ఒక కథ మాత్రం మనదాకా వచ్చింది. 1880లలో ఇ.హెచ్. మాన్ అనే అధికారి రాసిపెట్టిన దాని ప్రకారం, పులుగా అనే దేవుడు మనుషుల మీద కోపించి ఒకసారి నీటిని పైకి పంపాడు. భూమంతా మునిగిపోయింది. మునగకుండా మిగిలింది బహుశా పులుగా నివాసమైన శాడిల్ పీక్ ఒక్కటే.

కొండ ఎలా లేచింది?

మాలెట్‌కూ టిప్పర్‌కూ కొండల వరస తెలుసుగాని, అది ఎందుకు లేచిందో తెలియదు. ఆ జవాబు 1960ల తర్వాత భూఫలకాల సిద్ధాంతంతో వచ్చింది. మన భారత ఫలకం ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ, అండమాన్‌కు పడమట ఉన్న అగాధం దగ్గర ఏటవాలుగా కిందికి దూరుతోంది. పెనం మీద అట్లకాడతో గీకితే అంటుకున్న పిండి ముందుకు పోగుపడి ముడతలవుతుంది కదా. అదే విధంగా, కిందికి పోయే ఫలకం మీది మట్టీ రాయీ, ఒక్కోచోట సముద్రగర్భపు అసలు పెంకు కూడా, పైఫలకపు అంచుకు గీకుకుపోయి ముడతలుగా పైకి లేచాయి. ఆ ముడతలే అండమాన్, నికోబార్ కొండలు. హాక్‌స్టెటర్ చూసిన పచ్చరాళ్లు ఆ సముద్రపు పెంకు ముక్కలే. అండమాన్‌లోని అలాంటి రాళ్ల వయస్సు సుమారు 9.5 కోట్ల సంవత్సరాలని లెక్కతేలింది.

దూరిన ఫలకం తూర్పు వైపు ఇంకా లోతుకు పోయాక, వేడికి దానిలోని నీరు విడుదలై పైనున్న రాతిని కరిగించింది. ఆ ద్రవం పైకి తన్నుకొచ్చిన చోట్లే బారెన్, నార్కొండం. నార్కొండం చల్లారి చాలాకాలమైంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేని నార్కొండం కొమ్ముపక్షి దాని అడవిలో ఉంటుంది. బారెన్ పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నిద్రపోయి 1991లో లేచింది. 2005 తర్వాత పలుమార్లు బద్దలైంది.

ఈ తోపుడు నెమ్మదిగా, నిరంతరంగా సాగదు. అంచులు పట్టుకుపోయి ఏళ్ల తరబడి బిగువెక్కి, ఒక్కసారిగా జారతాయి. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర అలా జారినప్పుడు లేచిన అలను బంగాళాఖాతం చుట్టూ రేవుల్లోని ఆటుపోటుల కొలమానాలు నమోదు చేశాయి. 2004 డిసెంబరు 26 నాటిది మనకు తెలుసు. సుమత్రా నుంచి ఉత్తర అండమాన్ దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున పగులు పాకింది. ఆ కొద్ది నిమిషాల్లో కొండల వరస ఒక పక్కకు ఒరిగినట్టయింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం నీళ్లలో నిలబడింది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు మీటరు దిగింది. ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా లేచింది. ఉన్నచోటే ఉండి పగడపు దిబ్బలు ఎండకు తేలి చచ్చిపోయాయి.

ఇప్పుడు శాడిల్ పీక్ ఎక్కాలనుకుంటే దిగ్లీపూర్ పోవాలి. కాలిపూర్ దాటి లామియా బే దగ్గర జాతీయ వనం మొదలవుతుంది. అటవీశాఖ అనుమతి, దారి తెలిసిన మనిషి రెండూ కావాలి. సుమారు ఎనిమిది కిలోమీటర్ల తోవ. మొదట సముద్రం ఒడ్డునే గులకరాళ్ల మీద నడిపిస్తారు, తర్వాత వాగులు దాటుతూ నిలువునా ఎక్కడమే. తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడేలోగా దిగవచ్చు. ఈ కొండల్లో పుట్టిన కల్పోంగ్ నది మీద ఒక చిన్న జలవిద్యుత్ కేంద్రం 2001 నుంచి నడుస్తోంది. మధ్య అండమాన్‌లోనూ, ఈ వైపూ పరిశోధకులకు తోడు నడిచేవాళ్లలో కరెన్ తెగవాళ్లు పేరు మోశారు. 1925లో అడవి పనికి ఆంగ్లేయులు వాళ్ల తాతలను తీసుకొచ్చి మధ్య అండమాన్‌లో దించారు. తెచ్చింది బర్మా నుంచి, ఓడలో.